బట్టల ఉతుకుడు: మా దుకాణంలో తరచుగా అడిగే ప్రశ్నలు

హన్మకొండలో మాది లాండ్రీ దుకాణం. మా తాత చెరువుగట్టున చాకిరేవు మీద ఉతికిండు. మా నాయిన భుజాన మూటేసుకుని వాడకట్టు వాడకట్టు తిరిగిండు. నా కాలానికి మిషన్లొచ్చినయి. కౌంటర్ దగ్గర నిలబడి రోజూ అడిగేవే ఈ ప్రశ్నలు. ఒక్కొక్కరికి చెప్పుకుంట పోతే ఇస్త్రీపెట్టె చల్లారుతున్నది, అందుకే రాసి పెట్టిన.

కొన్న ఆర్నెల్లకే అంగి పాతదైంది. బట్ట మంచిది కాదా అన్నా?

కొన్నిసార్లు బట్టే నాసిరకం. కానీ నా దగ్గరికి వచ్చేవాటిల్ల ఎక్కువ శాతం తొడుక్కుంటే అరిగినవి కావు, ఉతికితే అరిగినవి. అంగి చేతిలకు తీసుకుంటే మీ ఇంట్ల ఎట్ల ఉతుకుతున్నరో చెప్పొచ్చు. కాలరు మడత మీద, కఫ్ అంచుల మీద రంగు పోయి తెల్లగ దారాలు లేస్తే అది బ్రష్షు పని. భుజాల మీద అడ్డంగ ఒక చార వెలిసిపోతే పొద్దంత దండెం మీద వదిలేసినరని. బట్ట అట్టలెక్క బిరుసుగ ఉంటే పౌడరు సరిగ పోకుండనే ఆరేసినరు. లాగు నడుము దగ్గర ఎలాస్టిక్ సాగిపోతే వేడినీళ్ళో, బ్లీచింగో, ఎర్రటి ఎండో తగిలింది.

మాది బోరు నీళ్ళు. ఎంత సబ్బు రుద్దినా నురగ రాదు, తెల్లబట్టలు బూడిదరంగుకు తిరుగుతున్నయి.

అన్నిటికంటే ఎక్కువ మందిని సతాయించేది ఇదే. బోరు నీళ్ళల్ల కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే వాటిని గట్టినీళ్ళు అంటరు. సబ్బు ఈ రెండిటితో కలిసి తెల్లటి జిగురులెక్క అవుతది. బకెట్ అంచుకు అంటుకునే తెట్టె అదే. ఆ తెట్టె బట్టకు కూడా పడుతది, దాని మీద దుమ్ము పడుతది, పది ఉతుకులకు తెలుపు మాసినట్టే కనిపిస్తది. మనం ఇంకా ఉతకలేదనుకుని ఇంకింత సబ్బు రుద్దుతం.

మీ నీళ్ళు ఎట్లాంటివో చూసుకోండి. ఖాళీ సీసాల సగం నీళ్ళు పోసి, మామూలు ఒంటి సబ్బు తురుము చిటికెడు వేసి గట్టిగ ఊపండి. నురగ నిలబడితే నీళ్ళు మెత్తనివి. నురగ రాక నీళ్ళు పాలలెక్క మసకబారితే గట్టివి. ల్యాబు రిపోర్టు ఉన్నోళ్ళు అందులో మొత్తం గట్టిదనం అంకె చూడండి. తాగే నీళ్ళకు మన దేశ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాములు, వేరే దిక్కు లేకుంటే 600 వరకు ఒప్పుకుంటరు. ఆ అంకె ఎంత పెరిగితే బట్టలకు అంత తేడా కనిపిస్తది.

చేయాల్సింది ఏందంటే, బోరు నీళ్ళున్నప్పుడు సబ్బు బిళ్ళ పక్కన పెట్టి డిటర్జెంట్ పౌడరో లిక్విడో వాడండి, దానికి తెట్టె తక్కువ. ఉతుకుడు బోరు నీళ్ళతో కానియ్యండి, ఆఖరి జాడింపు మాత్రం నల్లా నీళ్ళతో చేయండి. మిషన్ భగీరథ నీళ్ళు నదులవి, బోరు కంటే మెత్తగ ఉంటయి. ఉతుకు మొత్తానికి చాలకపోయినా ఆ ఆఖరి ఒక్క బకెట్టుకు చాలు. వానాకాలంల డాబా మీద పడ్డ నీళ్ళు పట్టుకునే వీలుంటే ఇంకా మంచిది.

ఇప్పటికే బిరుసెక్కిన తువ్వాళ్ళకు, తెల్లబట్టలకు బకెట్ నీళ్ళల్ల ఒక చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కరిగించి, పావుగంట ముంచి, మళ్ళీ మంచినీళ్ళల్ల జాడించండి. పేరుకున్న సున్నం కరిగిపోతది. ఇది బ్లీచింగుతో మాత్రం ఎన్నడూ కలపొద్దు, విషపు గాలి వస్తది. బ్లీచింగు డబ్బాలోకి బాత్రూం కడిగే యాసిడ్ పోసినా అంతే.

పౌడరు ఎంత వేయాలె?

మీరు వేసేదాంట్ల సగం. నవ్వుతరు గానీ పరీక్ష పెట్టండి. ఉతికి ఆరేసిన బట్టలనే మిషన్ల వేసి, పౌడరు వేయకుండ ఒక్కసారి తిప్పండి. నీళ్ళల్ల నురగ లేస్తే అది పాత పౌడరే, మీ బట్టల్లనే దాక్కున్నది. చేతితో ఉతికేటోళ్ళకు ఇంకో గుర్తు చెప్త: రెండు జాడింపుల తర్వాత కూడా వేళ్ళ మధ్య జారుడు తగ్గకపోతే ఎక్కువ వేసినట్టే. మిగిలిన పౌడరుతో ఒంటికి దురద, బట్టకు బిరుసు, నల్లబట్టల మీద తెల్ల చారలు.

రాత్రంతా నానబెడితే మురికి బాగ పోతదని మా అత్తమ్మ అంటది.

అత్తమ్మతో కొట్లాడకండి గానీ అరగంట చాలు. బాగ మురికి పట్టిన పంచెలు, చెద్దర్లయితే గంట. రాత్రంత నానితే పోయిన మురికి మళ్ళీ బట్టకే పడుతది, రంగులు ఒకదానికొకటి అంటుకుంటయి, ఎండకాలంల నీళ్ళు కుళ్ళు వాసన కొడ్తయి.

పసుపు మరక మీద సబ్బు పెట్టంగనే ఎర్రగైంది! ఖరాబు చేసుకున్ననా?

ఏం కాలేదు. పసుపులో రంగునిచ్చే కర్కుమిన్‌కు క్షారం తగిలితే ఎర్రగ మారుతది. మన పెద్దోళ్ళు పసుపులో సున్నం కలిపి పారాణి చేసేది ఇదే లెక్క. బాగ జాడిస్తే మళ్ళీ పసుపుపచ్చకు వస్తది.

కర్కుమిన్‌కు పడనిది ఎండ. మరక పడంగనే చెంచాతో గీకి తీసి, చల్లనీళ్ళల్ల గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు రుద్ది, జాడించి, మరక ఉన్న దిక్కు పైకి పెట్టి ఎండకు వేయండి. ఒకరోజుకు పోకుంటే రెండోరోజు తడిపి మళ్ళీ వేయండి. తెల్ల నూలు బట్ట మీద మరక మాయమైతది. రంగుబట్టయితే ఎండ దాని రంగును కూడా తీసుకపోతది, కాబట్టి మరక ఉన్న జాగకే ఎండ తగిలేటట్టు మిగతాది కప్పండి.

మరక పోయిందాక ఇస్త్రీ చేయొద్దు. వేడి తగిలిన మరక ఊడిరాదు. నా దగ్గరికి "ఇస్త్రీ చేసినంక చూసుకున్న అన్నా" అని వచ్చే బట్టల్ల సగానికి నేను చేసేదేం ఉండదు.

సద్దుల బతుకమ్మ నాడు గౌరమ్మ పసుపు పట్టుచీర మీద పడితే పై లెక్కలేవీ పనికిరావు. తడి చేయకండి, రుద్దకండి. చీర ఎత్తి మెల్లగ దులిపి, అట్లనే పట్టుకురండి.

తొక్కు నూనె, చాయ్, రక్తం, పెన్ను గీతలు?

తొక్కు నూనెకు ముందు పౌడరు కావాలె, ముఖానికి రాసుకునేదే. మరక మీద మందంగ చల్లి అరగంట ఉంచితే నూనె పీల్చుకుంటది. దులిపి, గిన్నెల లిక్విడ్‌తో ఉతికితే నూనె పోతది. మిగిలే కారం ఎరుపును, పసుపును ఎండకు వదిలేయండి. చాయ్ పడంగనే నల్లా కింద వెనుకవైపు నుంచి నీళ్ళు పట్టండి, ఆరనిస్తే మొండికేస్తది.

రక్తానికి చల్లనీళ్ళే. వేడినీళ్ళు తగిలితే గుడ్డు ఉడికినట్టు గడ్డకట్టి దారానికి పట్టుకుంటది. మన దగ్గర మే నెలల మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళే చేయి పెట్టనియ్యవు. అట్లాంటప్పుడు ట్యాంకు నల్లా తిప్పకుండ కుండనీళ్ళో, ఫ్రిజ్ నీళ్ళో వాడండి.

బాల్ పెన్ను గీతకు కింద పాత దస్తి పెట్టి, పైనుంచి స్పిరిటో చేతులకు రాసుకునే శానిటైజరో అద్దండి. సిరా కింది దస్తిలకు దిగుతది. దస్తి జాగ మార్చుకుంట అద్దండి, రుద్దితే గీత కాస్త మచ్చయితది.

అరటి కర, జీడిమామిడి పండు రసం, మామిడి సొన ఆరిపోయినంక పోవు. ఎవరన్న పోగొడ్తమంటే ముందు పైసలియ్యకండి.

మేడారం పోయొచ్చిన బట్టలు ఎట్ల ఉతకాలె?

రెండేళ్ళకోసారి జాతర అయిపోయిన వారం మా దుకాణం ముందు ఎర్రటి మూటలే. జంపన్న వాగు ఇసుక, కుంకుమ, పసుపు, దుమ్ము, కరిగిన బంగారం అన్నీ ఒక్క చీర మీదనే. బంగారమంటే బెల్లమని బయటోళ్ళకు చెప్పాలె గానీ మీకు అక్కర్లేదు. ముందు ఆరబెట్టి దులపండి, ఇసుకతోనే మిషన్ల వేస్తే మిషను పాడు, బట్ట పాడు. బెల్లం ఉత్త నీళ్ళకే పోతది. తర్వాత కుంకుమ పడ్డవి వేరే బకెట్ల వేయండి, దాని రంగు పక్క బట్టలకు అంటుతది. పసుపు సంగతి ఆఖరున.

మా ఆయన పత్తి చేనుకు మందు కొట్టి వస్తడు. ఆ బట్టలు అందరివాటితో కలిపి ఉతకొచ్చా?

కలపొద్దు. ఇది మరక ముచ్చట కాదు, పాణం ముచ్చట, కాబట్టి కొంచెం పొడుగ్గనే చెప్త.

మందు కొట్టిన బట్టలు ఇంట్లకు రాకముందే విప్పాలె. వాటికి ఒక బకెట్ వేరుగ పెట్టండి, ఆ బకెట్ ఇంకో పనికి వాడొద్దు. చేతులకు రబ్బరు గ్లౌజులు తొడిగి ముందు ఉత్త నీళ్ళల్ల ముంచి పిండండి, ఆ తర్వాత వేడినీళ్ళు, ఎక్కువ పౌడరు. తక్కువ పౌడరు వాడమనే నేనే ఇక్కడ ఎక్కువ వేయమంటున్న. రెండుసార్లు ఉతికి దండెం మీద ఎండకు ఆరేయండి. అదేరోజు ఉతకాలె, రేపటికి ఉంచితే మందు బట్టకు పట్టుకుంటది, తెల్లారి అదే అంగి తొడిగితే చెమటకు తడిసి ఒంటికి పడుతది. మిషన్ల వేస్తే వాటినొక్కటే వేసి, తీసినంక ఖాళీ మిషన్‌ను పౌడరుతో ఒక్కసారి తిప్పండి. ఉతికిన నీళ్ళు పశువుల తొట్టి దిక్కో, చేదబాయి దిక్కో, చెరువులకో పారనియ్యొద్దు.

డబ్బాలోని చిక్కటి మందు నీళ్ళు కలపకముందే అంగి మీద ఒలికితే ఆ అంగి ఉతకకండి, పారేయండి. ఎంత ఉతికినా పూర్తిగ పోదు. ఒక్క అంగి విలువ చూసుకుని దవాఖానా దాక తెచ్చుకోవద్దు.

మందు బట్టలు దుకాణానికి తెచ్చేటోళ్ళు కూడా ముందు ఆ మాట చెప్పండి. మాకూ చేతులున్నయి.

గనుల డ్యూటీ బట్టలకు బొగ్గు నలుపు పోతలేదు.

భూపాలపల్లి, గోదావరిఖని దిక్కునుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నోళ్ళు అడుగుతరు. బొగ్గు దుమ్ము నీళ్ళల్ల కరిగేది కాదు, సన్నటి పొడి. తడి చేసి రుద్దితే దారాల సందుల్లకు ఇంకా లోపలికి పోతది. పొడిగ ఉన్నప్పుడే ఇంటి బయట గట్టిగ దులపండి, తర్వాత రుద్దకుండ పౌడరు నీళ్ళల్ల ముంచి తీస్తుండండి, నీళ్ళు నల్లబడంగనే మార్చండి. మూడుసార్లు నీళ్ళు మారిస్తే బ్రష్షుతో అవసరం ఉండదు.

పోచంపల్లి చీర రంగు పోతున్నది. ఉప్పు నీళ్ళల్ల వేస్తే ఆగుతదంటరు కదా?

మా అమ్మ కూడా వేసేది. అద్దేటప్పుడు ఉప్పుకు పని ఉంటది, అద్ది అమ్మినంక ఇంట్ల వేసే ఉప్పుకు ఆ బలం లేదు. రంగు పోతున్నదంటే దారానికి పట్టని అదనపు రంగు ఇంకా మిగిలి ఉన్నదని. చల్లనీళ్ళల్ల ఒక్కదాన్నే మూడు నాలుగు సార్లు జాడిస్తే ఆ అదనం పోయి నీళ్ళు తేటపడుతయి. ఎన్నిసార్లు జాడించినా నీళ్ళు రంగెక్కుతనే ఉంటే అద్దకంలనే లోపం, కొన్నచోటికి తీసుకపొండి.

కొనేముందే చూసుకోవచ్చు. తెల్ల దస్తి తడిపి, చీర లోపలి అంచు మీద గట్టిగ రుద్దండి. దస్తికి రంగు అంటితే మొదటి నాలుగు ఉతుకులు వేరే చేయాలని అర్థం.

పట్టుచీర ఇంట్ల ఉతకొచ్చా?

జరీ బరువుగ ఉన్నది, రెండు రంగుల అంచుది, పెళ్ళి చీర అయితే వద్దు. సాదా పట్టయితే కుంకుడుకాయ రసంల రెండు మూడు నిమిషాలు ముంచి తీయొచ్చు. పట్టు కూడా మన జుట్టులెక్క మాంసకృత్తే, క్షారానికి నలుగుతది. రక్తం, గుడ్డు మరకలు తీస్తమని రాసే పౌడర్లల్ల మాంసకృత్తులను కోసే ఎంజైములుంటయి. వాటికి మరకేదో పట్టేదో తెల్వదు.

కట్టి విప్పినంక నేరుగ బీరువాల పెట్టకండి. చెమట ఆరేదాక ఒక రాత్రి నీడన గాలికి వేసి, నూలు గుడ్డల చుట్టి పెట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు. మూడు నెలలకోసారి మడత మార్చండి. ఒకే మడత మీద ఏండ్లకేండ్లు ఉంటే ఆ గీత మీదనే పట్టు పగులుతది. సెంటు చీర కట్టకముందే కొట్టుకోండి, జరీ మీద పడితే నల్లబడుతది.

రేయాన్ కుర్తీ పిండితే చిరిగింది. నూలుది ఎంత పిండినా ఏం కాదు, ఎందుకు?

నూలు తడిస్తే బలం పెరుగుతది. అందుకే మా తాత పంచెలను బండకేసి బాదినా నిలిచినయి. రేయాన్ తడిస్తే దాని బలం దగ్గరదగ్గర సగానికి పడిపోతది. దాన్ని మెలిపెట్టి పిండొద్దు. తువ్వాలల చుట్టి అదిమి, పరిచి ఆరేయండి.

మిషన్ల ఉతికినా బట్టలు వాసనొస్తున్నయి.

బట్టలది కాదు, మిషన్‌ది. ముందు తలుపు మిషన్ల ఆ రబ్బరు చుట్టు మడత తీసి చూడండి, చీకటి, తడి, మిగిలిన పౌడరు. ఉతికినంక తలుపు తెరిచి పెట్టండి, రబ్బరు తుడవండి, నెలకోసారి ఖాళీగ వేడినీళ్ళ మీద తిప్పండి. డ్రమ్ముల బట్టలు కుక్కితే తిరగడానికి జాగుండదు, మురికి పోదు. పైన ఒక జానెడు ఖాళీ ఉండాలె. జిప్పులు పెట్టండి, గుండీలు విప్పండి, జీన్సును తిప్పి వేయండి.

ముసురు పట్టిన వారంల?

ఆరేటప్పుడు వచ్చే ఆ ముక్క వాసనకు కారణం మొరాక్సెల్లా ఆస్లోయెన్సిస్ అనే బ్యాక్టీరియా. బట్ట ఎంతసేపు తడిగుంటే అంత పెరుగుతది. అందుకే మూటలెక్క వదిలేయకుండ మిషన్ ఆగంగనే తీయండి, రెండుసార్లు స్పిన్ తిప్పండి, దండెం మీద ఒకదాని మీద ఒకటి కాకుండ రెండు వేళ్ళ సందు ఇచ్చి ఫ్యాను గాలికి వేయండి. జీన్సులు, చెద్దర్లు ముసురు తగ్గిందాక ఉతకకపోతే కొంపేం మునగదు. వాసన పట్టినదాన్ని సెంటు వేసి కప్పకండి, మళ్ళీ వేడినీళ్ళల్ల ఉతకండి.

ఎండకాలం ఎంతసేపు ఆరేయాలె?

ఏప్రిల్, మే నెలల సన్నబట్ట గంటల ఆరుతది. ఆరంగనే తీయండి, తిప్పి ఆరేయండి. నల్లవి, ముదురు రంగువి నీడకు. ఇనుప తీగ దండెం ఉంటే తీసేయండి, తుప్పు మరక పడితే బ్లీచింగ్ వేసేరు, ఇంకా ముదురుతది. తెల్ల నూలుకైతే నిమ్మరసం, ఉప్పు రాసి ఎండకు పెట్టి జాడించండి.

కొత్తవాడ జంపఖానా కొన్నం. మిషన్ల పడుతదా?

పట్టినా వేయకండి. వరంగల్ జంపఖానాకు 2018ల భౌగోళిక గుర్తింపు వచ్చింది, అంత పేరున్నదాన్ని డ్రమ్ముల తిప్పి వంకర చేసుకోకండి. నెలకోసారి గోడ మీద వేసి కర్రతో దులిపితే ఏడాదికి ఒక్క ఉతుకు చాలు. డాబా మీద పరిచి, లిక్విడ్ నీళ్ళు చల్లి, మెత్తటి బ్రష్షు నేత పోయిన దిక్కే నడిపి, పైపుతో కడగండి. తడి జంపఖానా బరువు సన్నటి దండెం ఆపదు, మధ్యల సాగుతది. పిట్టగోడ మీద వెడల్పుగ వేయండి.

లేబుల్ మీద ఆ బొమ్మలేంది?

తొట్టి ఉతుకుడు, అందులో అంకె నీళ్ళ వేడి. త్రికోణం బ్లీచింగ్. చతురస్రం ఆరబెట్టుడు. ఉత్త వృత్తం డ్రైక్లీనింగ్. ఏ బొమ్మ మీదైనా ఇంటూ గీత ఉంటే ఆ పని చేయొద్దని. ఇస్త్రీపెట్టెల చుక్కలు చూడండి: ఒక చుక్కకు తక్కువ వేడి, రెండిటికి మధ్యరకం, మూడిటికి ఎక్కువ. నూలుకు మూడు, పాలిస్టర్‌కు రెండు, నైలాన్‌కు ఒకటే. నల్లలాగును తిప్పి ఇస్త్రీ చేయకపోతే మెరుపు ఎక్కుతది, ఎక్కినంక దిగదు.

కలరా ఉండలు పెట్టొచ్చా?

పట్టుకు, జరీకి తగలకుండ గుడ్డల మూటకట్టి పై అరల పెట్టండి. పసిపిల్లల బట్టల్ల మాత్రం అసలే వద్దు. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పసికందులకు ఆ వాసన పట్టిన బట్టలు తొడిగితే రక్తకణాలు పగిలి కామెర్లు ముదురుతయి, ఆ లోపం ఉన్నదీ లేనిదీ మనకు ముందు తెల్వదు. ఎండిన వేపాకు పెట్టుకోండి.

పాత అంగి కాలరు లోపల నల్లగ గుర్తు ఉన్నది. అది పోతదా?

అది మా నాయిన పెట్టిందే కావొచ్చు. ఎవరి అంగి ఎవరిదో తెలియడానికి నల్లజీడి రసంతో గీసేటోళ్ళు. ఎన్ని ఉతుకులకూ పోవద్దనే దాన్ని వాడేది, పోదు. కాలరు విప్పి తిప్పి కుట్టించుకోండి, అరిగిన దిక్కు లోపలికి పోతది, గుర్తు కుట్టులకు పోతది. పక్క టైలర్‌కు చెప్త, మా పేరు చెప్పండి.